నిలిచిపోయిన ఫాస్ఫేట్ రైలు దగ్గర

2025 ఫిబ్రవరి 6, గురువారం, సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకి లాలాగూడలో మా ఇంటి గేటుకి తాళం వేశాను. విమానానికి ఇంకా చాలా టైముంది. కాని రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసినదాన్ని, ఆలస్యంగా బయల్దేరితే నాకు గుండెదడ. ఎయిర్‌పోర్టు దాకా దిగబెట్టడానికి తమ్ముడు ప్రభాకర్ కారు తెచ్చాడు. వాడు గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. నాకు డెబ్బై ఒకటి, వాడికి అరవై ఆరు.

తార్నాక దాటేదాకా ఊరుకుని అప్పుడు మొదలుపెట్టాడు.

"ఏందక్కా నీకీ పరేషాని? జెరూసలేం పోతనంటే చర్చిల అందరు మెచ్చుకుందురు. గీ ట్యునీషియాల ఏమున్నది?"

"నీతోని పద్నాలుగేండ్ల పంచాయతీ ఉన్నది. అది తేల్చుకొస్త."

ఆ పంచాయతీ ఇది. 2011 మొదట్లో ట్యునీషియాలో జనం వీధుల్లోకి వచ్చి, ఇరవై మూడేళ్లుగా పాతుకుపోయిన అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయేలా చేశారు. ఆ వెనకే ఈజిప్టు, లిబియా, యెమెన్, సిరియా. టీవీ ముందు కూర్చుని ప్రభాకర్ తేల్చేశాడు: "ఇదంత అమెరికోని ఆట. చమురు కోసం." ట్యునీషియాలో చమురు ఎంతుందో చూసి చెప్పరా అన్నాను. మర్నాడు వచ్చి, "గట్లయితే ఫ్రాన్సోడు" అన్నాడు.

అదే ఏడు మన దగ్గర తెలంగాణ కోసం రైలు రోకోలు. వాడి గూడ్సుని బొల్లారం దాటాక ఆపేశారు. జనం పట్టాల దగ్గరే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు. దారి మీదే వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం అప్పటి నిరసన పద్ధతి. బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా కూర్చున్న గార్డుని కూడా పిలిచి విస్తరి వేశారు. తిని ఇంటికొచ్చి, "వీళ్లకు పైసలు ఎవడిస్తున్నడో" అన్నాడు. "నువ్వు తిన్న పులిహోర ఏ దేశపోడు పంపిండురా?" అన్నాను. జనం లేస్తే వెనక బయటివాళ్లు ఉంటారా, ఉంటే ఎంత వరకు? మా ఇద్దరి మధ్య ఇది ఇప్పటికీ తేలలేదు.

తేల్చుకునే అవకాశం సల్వా వల్ల వచ్చింది. ఆరేళ్ల క్రితం కంప్యూటర్ ట్రైనింగ్‌కని ట్యునీషియా నుంచి హైదరాబాదు వచ్చి, మా మేడ మీది గదిలో ఎనిమిది నెలలు ఉన్న అమ్మాయి. ఇప్పుడు తన సొంత ఊళ్లో ఇంగ్లీషు టీచరు. ఆ ఊరు దక్షిణాన గఫ్సా ప్రాంతంలో ఫాస్ఫేట్ గనుల ఊరు. తండ్రి హాదీ గారు రిటైరైన రైలింజను డ్రైవరు. "మా నాన్నకి మీరు తప్పకుండా నచ్చుతారు ఆంటీ, ఇద్దరూ రైలు తప్ప మాట్లాడరు" అని ప్రతి క్రిస్మస్‌కీ పిలుస్తూనే ఉంది.

ఎయిర్‌పోర్టులో బ్యాగు దించుతూ ప్రభాకర్ చివరి మాటగా, "ఆడ ఇంకా మీటర్‌గేజి నడుస్తదంట. నాకు ఫోటోలు కావాలె. కప్లింగు, వ్యాగన్ నంబర్లు, అన్ని. మర్వకు" అన్నాడు. మా వైపు ఆ మీటరు వెడల్పు సన్న పట్టాలు పోయి చాలా ఏళ్లయింది. వాడి ఉద్యోగం మొదలైంది ఆ లైన్లోనే.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను. గని ఊరి పేరు అసలు రాయడం లేదు. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

టోపీల వీధి

ట్యూనిస్‌లో పెద్ద వీధికి రెండు వైపులా గుబురు చెట్లు. సాయంత్రం అయితే పిచ్చుకల గోలలో పక్కవాళ్ల మాట వినపడదు. 2011లో జనం నిండింది ఆ వీధిలోనే. ఇప్పుడు కాఫీ హోటళ్లు, బట్టల కొట్లు, మధ్యలో ఫ్రెంచి రాయబార కార్యాలయం దగ్గర ముళ్లకంచె చుట్టలు. ఆ కంచె పక్కనే ఒకాయన బెలూన్లు అమ్ముతున్నాడు.

సల్వా నాకోసం సెలవు పెట్టి అక్కడికి వచ్చింది. మూడు రోజులు తనని నిద్రపోనివ్వలేదు. కనిపించినవాళ్లందరికీ తన చేత ఒకే ప్రశ్న వేయించాను: అప్పుడు మిమ్మల్ని లేపింది ఎవరు?

"ఆంటీ, ధర అడిగినట్టు అడుగుతున్నారు" అంది సల్వా.

"ధర అడిగితే అందరూ ఒకటే చెప్తారా? ఇదీ అంతే. నలుగుర్ని అడిగితే కాని తెలియదు."

హోటల్ రిసెప్షన్లో అబ్బాయి అమెరికా అన్నాడు. కుర్రాళ్లకి ఇంటర్నెట్‌లో జనాన్ని కూడగట్టడం నేర్పింది వాళ్లేనట. టాక్సీ డ్రైవరు ఖతర్ అన్నాడు. వాళ్ల టీవీ ఛానల్ ఒక వీధి గొడవని దేశం గొడవ చేసిందట. రుమాళ్లు అమ్మే ఆవిడ ఫ్రాన్స్ పేరు చెప్పింది. అయితే ఆవిడ లెక్క వేరు: ఫ్రాన్స్ జనాన్ని లేపలేదు, చివరి రోజు దాకా అధ్యక్షుడికే కాపు కాసింది, అతను పడిపోయాక జనానికి అభినందనలు చెప్పింది. "మా ఆయన కూడా అంతే. అత్తగారు పోయేదాకా ఆవిడ పక్షం, పోయాక నా పక్షం" అంది.

ఎర్ర ఉన్ని టోపీలు చేసే వీధి ఒకటుంది. మన కుమ్మరిపనిలా తరాలుగా వచ్చే పని. డెబ్బై దాటిన ఒకాయన ఎండిన ముళ్లకాయతో టోపీ మీది ఉన్నిని దువ్వుతూ నా ప్రశ్న విన్నాడు. "లేపడానికి ఎవరూ అక్కర్లేదు. నా కొడుకులు ఇద్దరు డిగ్రీలు చదివి ఇదే పీట మీద కూర్చున్నారు. కానీ లేచాక ఎటు నడవాలో చెప్పడానికి మాత్రం చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పార్టీకి డబ్బిచ్చారు. గల్ఫ్‌వాళ్లు, టర్కీవాళ్లు, యూరప్‌వాళ్లు." టోపీ తిప్పి నా వైపు చూశాడు. "మీ దేశానిది కూడా ఏదో ఉండే ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది. "మాకిక్కడ ఏముందండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు, దువ్వుకుంటూనే ఉన్నాడు.

ఆ పూట లబ్లాబీ తిన్నాం. ఖాళీ గిన్నె, నిన్నటి రొట్టె చేతికిస్తారు. రొట్టె తుంచుకోవడం తినేవాళ్ల పని. తుంచి ఇస్తే దాని మీద ఉడికిన శనగలు, జీలకర్ర, ఎర్రకారం ముద్ద, ఆలివ్ నూనె వేసి గుడ్డు కొడతాడు. మనం తుంచిన గిన్నెని హోటల్‌వాడికి తిరిగి ఇస్తే ఎంగిలి అంటాం. నాలుగు దినార్లు, మన లెక్కలో నూట పది రూపాయలు. అక్కడ పొడవాటి రొట్టె మాత్రం ఐదారు రూపాయలే. ఆ ధరకి సికింద్రాబాద్‌లో బన్ను కూడా రాదు. రొట్టె ధర ముట్టుకోవడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం లేదని సల్వా చెప్పింది. కాఫీకి మాత్రం కరువు. మూడు హోటళ్లు తిరిగితే ఒకచోట దొరికింది.

ఎర్ర గీత వ్యాన్

దూరప్రయాణాలకి తెల్ల వ్యాన్లు, పక్కన ఎర్ర గీత. ఎనిమిది మంది నిండితేనే కదులుతుంది. మన షేర్ ఆటోలాగే, అయితే తొమ్మిదో మనిషిని ఎక్కించుకోరు. ఆ క్రమశిక్షణ చూసి ముచ్చటేసింది. చీర మీద స్వెటరు, కాళ్లకి సాక్సులు, మీద శాలువ కప్పుకున్న నన్ను చూసి వాళ్లకీ ముచ్చటేసినట్టుంది. ఒకాయన దిగేటప్పుడు ఖర్జూరాలు ఇచ్చి వెళ్లాడు.

నా పక్కన ఆలివ్ నూనె డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక ముసలావిడ. నాకంటే రెండేళ్లు పెద్ద. సల్వా వద్దంటున్నా అడిగించాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి ఆలివ్ తోటలు చూసి చెప్పింది.

"నా మనవడు పడవెక్కి ఇటలీ వెళ్లాలనుకున్నాడు. రెండుసార్లు సముద్రంలో పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ పట్టుకునే పడవలు మా పోలీసులకి ఇచ్చింది ఇటలీయే. మాకు తిరుగుబాటు ఎవరిచ్చారో నాకు తెలియదు తల్లీ. కాపలా ఎవరిచ్చారో తెలుసు."

తర్వాత డబ్బా మూత తీసి, నా అరచేతిలో నాలుగు చుక్కల నూనె వేసి నాకమంది. గొంతులో కారంగా మండింది. అలా మండితేనే కొత్త నూనెట.

తెల్లదుమ్ము ఊరు

పదకొండో తేదీ మంగళవారం గని ఊరు చేరాం. కొండలు తవ్వి తవ్వి తెల్లగా, గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. చెట్ల ఆకుల మీద కూడా తెల్ల దుమ్మే. మనుషులు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు గీతలు. నల్గొండ వాళ్లకి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే గీతలే. ఆ పళ్లు చూశాక నాకు కొత్త దేశమన్న భావం పోయింది.

హాదీ గారి ఇల్లు పట్టాలకి ఎదురుగానే ఉంది. ఆయన పొట్టి మనిషి, తెల్ల మీసం. నన్ను చూడగానే "రండి హాజ్జా" అన్నారు. నేను క్రిస్టియన్నని, హజ్‌కి వెళ్లలేదని సల్వాతో చెప్పించాను. "పెద్దవాళ్లందరూ మాకు హాజ్జాలే. గార్డు అక్క అంటే ఇంకా పెద్ద హాజ్జా" అన్నారు.

ఇంటి ముందు పక్క పట్టాల మీద, లూపు లైన్లో, ఫాస్ఫేట్ రాయి నింపిన రైలు నిలబడి ఉంది. కాళ్లు కడుక్కోకముందే లెక్కపెట్టేశాను. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టినవాళ్లకి ఇది రోగం. గేటు దగ్గర గూడ్సు పోతుంటే పిల్లలందరం పైకి లెక్కపెట్టేవాళ్లం, తప్పితే మళ్లీ బండి వచ్చేదాకా ఆటలోంచి అవుట్. ముప్ఫై ఎనిమిది వ్యాగన్లు. మీటర్‌గేజి! ఫోటో తీసి ప్రభాకర్‌కి పంపాను. అయిదు నిమిషాల్లో వాడి మెసేజ్: "38? లోడుతోనా? జెర కప్లింగు దగ్గర్నుంచి తీయి." ఆ రోజు నుంచి రోజూ ఉదయం వాడు అడగడం, నేను లెక్కపెట్టి ఫోటోతో పంపడం. అన్నిసార్లూ ముప్ఫై ఎనిమిదే. ఆ రైలు కదలడం లేదు.

కదలకపోవడానికి కారణం రెండు వందల గజాల దూరంలో ఉన్న గుడారం. ఊరి నిరుద్యోగులు పట్టాల మీద గుడారం వేసుకుని కూర్చుని అప్పటికి పదకొండు రోజులు. గనుల కంపెనీలో ఉద్యోగాలు అడుగుతున్నారు. నలభై ఏళ్లు నిండితే కంపెనీలో తీసుకోరు. గుడారం మొదలుపెట్టిన వలీద్‌కి మార్చి 3న నలభై నిండుతాయి. కెమిస్ట్రీ డిగ్రీ చదివి పెళ్లిళ్లకి కుర్చీలు అద్దెకిస్తుంటాడు. అతనిలా నలభై అంచున ఉన్నవాళ్లు మరో ఆరుగురున్నారు. వాళ్ల కోసం వయసు సడలించాలన్నది మొదటి కోరిక. పదిహేడో తేదీ సోమవారం గఫ్సాలో అధికారులతో మాటలు. గుడారం తరఫున మాట్లాడటానికి అందరూ కలిసి హాదీ గారిని ఎన్నుకున్నారు. ఆయన ఇంట్లో ఉద్యోగం అడిగేవాళ్లు లేరు కనుక ఎవరికీ అనుమానం ఉండదని.

"అధికారులు వింటారా?" అన్నాను.

"నేను ఇంజను నడిపినప్పటి నుంచి వాళ్లకి తెలుసు. కుర్రాళ్లు వెళ్తే వయసు మాట అడగడం మర్చిపోతారు. వాళ్లకి ఆ తొందర లేదు. నేనైతే ముందు అదే అడుగుతాను, అది తేలాకే మిగతావి."

పక్కనే కూర్చున్న వలీద్ ఆ మాట వింటూ చెవి గోక్కున్నాడు. "అమ్మీ హాదీ ఉంటే నేను పెళ్లికొడుకుని. లేకపోతే మళ్లీ కుర్చీలే" అన్నాడు. అమ్మీ అంటే బాబాయి.

మా పాత పంచాయతీ హాదీ గారి ముందు పెట్టాను. ఆయన టీ మరిగిస్తూ, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తూ చెప్పారు. మన ఇరానీ హోటల్‌వాడి చెయ్యే.

"2008లో మా ఊళ్లవాళ్లు ఆరు నెలలు గొడవ చేశారు. పోలీసులు కాల్చారు. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను, పట్టాల మీద ఆడవాళ్లు కూర్చుంటే ఇంజను ఆపి దిగిపోయాను. ఒక్క కెమెరా రాలేదు, ఒక్క దేశమూ మా పేరు ఎత్తలేదు. ఎందుకంటే మిగతా గనుల నుంచి రాయి రేవుకి వెళ్తూనే ఉంది, కొనేవాళ్లకి ఇబ్బంది లేదు. 2011లో అధ్యక్షుడు పోయాక అందరూ వచ్చారు. మాకు ప్రజాస్వామ్యం నేర్పుతామన్నారు. మేము ఉద్యోగాలు అడిగితే, అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు."

"మరి కొనేవాళ్లు ఎవరు?"

ఆయన సల్వా వైపు చూశారు. సల్వా నేల చూసింది. "మీరు తెలియకుండా అడుగుతున్నారా హాజ్జా? చాలామంది. ఈ రాయి ఆమ్లం అవుతుంది, ఎరువు అవుతుంది, ఓడలెక్కుతుంది. పెద్ద ఓడల్లో కొన్ని మీ దేశానికే వెళ్తాయి."

టోపీలాయన ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది. మా వైపు రైతులు డీఏపీ బస్తాల కోసం క్యూలో చెప్పులు వదిలి చెట్టు కింద కూర్చోవడం నేను చూశాను. ప్రభాకర్ రేవు నుంచి ఎరువుల బళ్లు ఎన్ని తెచ్చాడో లెక్కలేదు. ఆ బళ్ల కాగితాలు మా ఆఫీసులో నా బల్ల మీదికే వచ్చేవి. ఎక్కడి నుంచి బయల్దేరిందో చూశాను గాని, దానికి ముందు అది ఏ కొండ అన్నది ఎప్పుడూ అనుకోలేదు. నాకు నచ్చింది ఆ ఆలోచన. ప్రభాకర్‌కి చెప్తే, "అంటే ఫ్రాన్సోడు గాదు, మనమేనా!" అని పడి పడి నవ్వాడు.

పట్టాల మీద కుస్‌కుస్

శుక్రవారం హాదీ గారి భార్య జోహ్రా కుస్‌కుస్ చేసింది. గోధుమరవ్వని ఆవిరి మీద ఉడికించి, దుంపలు, గుమ్మడి, గొర్రెమాంసం పులుసు పోస్తారు. ఒకే పెద్ద పళ్లెం, అందరూ తలో పక్క నుంచి. మా ఇంట్లో ప్రార్థన చేసి తింటామంటే జోహ్రా చెంచా కిందపెట్టి నేను కళ్లు తెరిచేదాకా ఆగింది. వీధిలోని ఆడవాళ్లు నలుగురు వచ్చారు, నన్ను చూడటానికే.

మాటల్లో, గుడారంలో మగవాళ్లు చల్లటి రొట్టెలు తింటున్నారని ఎవరో అన్నారు. అప్పుడు నేను వంటా వార్పు సంగతి చెప్పాను. బొల్లారం దగ్గర పట్టాల పక్కన పొయ్యిలు, గార్డుకి వేసిన విస్తరి. సల్వా తన భాషలో చెప్తుంటే వాళ్లు పడి పడి నవ్వారు. ముఖ్యంగా గార్డుకి అన్నం పెట్టడం.

"పోలీసు ఏం చేశాడు?" అంది ఒకావిడ.

"కొన్నిచోట్ల వాళ్లూ తిన్నారు."

మర్నాడు శనివారం పొద్దున్నే నేను బయటికొచ్చేసరికి జోహ్రా ఆవిరి గిన్నె తలమీద పెట్టుకుని గుడారం వైపు వెళ్తోంది. వెనక వీధి ఆడవాళ్లందరూ. మధ్యాహ్నానికి పట్టాల పక్కన తొమ్మిది పొయ్యిలు వెలిగాయి. రైలు ఎక్కడిదక్కడే, ఆ వ్యాగన్ల నీడలో కూర్చుని పిల్లలు, ముసలివాళ్లు, నలుగురు పోలీసులు కూడా తిన్నారు. జోహ్రా నా చేతికి గరిటె ఇచ్చి, ఒక్కరికైనా వడ్డించమంది. వడ్డించాను. మా నాన్న వర్క్‌షాపు పండగలకి అమ్మ ఇలాగే వడ్డించేది. అంత సంతోషంగా ఈ మధ్య ఎప్పుడూ లేను. ప్రభాకర్‌కి వీడియో కూడా పంపాను.

ఆ సాయంత్రమే ఊరి ఫేస్‌బుక్ పేజీలో నా ఫోటో వచ్చింది. నీలం చీర, చేతిలో గరిటె, వెనక గుడారం. కింద రాసినదాన్ని సల్వా చదివింది: "ఈ విదేశీ స్త్రీ ఎవరు? ఈమెని ఎవరు పంపారు?"

ఆదివారం

పొద్దున వలీద్ ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"హాజ్జా ఫోన్ ఒకసారి చూడొచ్చా?" అన్నాడు సల్వాతో.

దాచడానికి ఏముంది, ఇచ్చాను. వ్యాగన్లు, వ్యాగన్ల నంబర్లు, కప్లింగులు, సిగ్నలు, వెనక నుంచి గుడారం. తర్వాత మెసేజీలు తెరిచాడు. తెలుగు అక్షరాలు అతనికీ రావు, సల్వాకీ రావు. అంకెలు మాత్రం ఇద్దరికీ వచ్చు. ప్రతి రోజూ 38, 38, 38.

"ఇది ఎవరికి పంపుతున్నారు?"

"మా తమ్ముడికి."

"ఆయన ఏం చేస్తాడు?"

"రైల్వేలో గార్డు. రిటైరయ్యాడు."

"ప్రభుత్వ రైల్వేనా?"

"అవును."

"మీరు?"

"నేనూ అక్కడే. అకౌంట్స్."

నేను చెప్పిన ప్రతి నిజంతో అతని మొహం ఇంకొంచెం ముడుచుకుంది. ప్రభాకర్ పంపిన వాయిస్ మెసేజ్ నొక్కాడు. గదిలో వాడి గొంతు గట్టిగా, నవ్వుతూ: "శభాష్ అక్కా! ఇంకా ముప్పై ఎనిమిది గట్లనే ఉన్నయా? కదిలినంక తుర్తు చెప్పు!"

"ఏమంటున్నాడు?"

అబద్ధం నాకు చేతకాదు. "రైలు కదలగానే వెంటనే చెప్పమంటున్నాడు" అన్నాను. సల్వా దాన్ని వాళ్ల భాషలోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది.

లాలాగూడ పిల్లల ఆట గురించి, మీటర్‌గేజి గురించి చెప్పాను. ఒక ముసలాయనకి వ్యాగన్ల ఫోటోలంటే ఎందుకంత పిచ్చి అన్నది, ఆ గదిలో హాదీ గారికి ఒక్కరికే అర్థమైంది. వలీద్ ఫోన్ జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

"నేను నమ్ముతున్నాను హాజ్జా. గుడారంలో వాళ్లు నమ్మరు. కొనేవాళ్లు మనిషిని పంపి, మేము ఎన్నాళ్లు ఓపిక పడతామో చూస్తున్నారని అంటున్నారు. ఆ మనిషి అమ్మీ హాదీ ఇంట్లో తింటోందని అంటున్నారు. రేపటి మాటలకి ఆయన వద్దంటున్నారు. నమ్మించడానికి టైము కావాలి. నా దగ్గర లేనిది అదే."

అతను వెళ్లిన గంటకి గఫ్సా నుంచి హాదీ గారికి ఫోన్. ఒక అధికారి. విదేశీ స్త్రీని తెచ్చి పట్టాల మీద ఆందోళన చేయించిన మనిషితో తాము కూర్చోమని చెప్పాడట.

హాదీ గారు ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, మీసంలో నవ్వారు. "పొద్దున గుడారం లెక్కలో మీరు రైలు కదిలించడానికి వచ్చారు. మధ్యాహ్నం అధికారుల లెక్కలో రైలు ఆపడానికి వచ్చారు. ఒక్క మనిషికి ఎంత పనండీ హాజ్జా! మీ ప్రభుత్వం ఓవర్‌టైమ్ ఇస్తుందా?"

నాకు నవ్వు రాలేదు. రెండు చోట్లకీ వెళ్లి నేనే చెప్తానన్నాను. పాస్‌పోర్టు, పెన్షన్ కార్డు చూపిస్తానన్నాను.

"వద్దు. మీరు మాట్లాడితే అది రెండో ఫోటో అవుతుంది. హాజ్జా, వాళ్లకి మీరెవరో తెలుసుకోవాలని లేదు. వెనక ఒక చెయ్యి కనిపిస్తే చాలు, ముందున్నవాడు ఏమడుగుతున్నాడో వినక్కర్లేదు. 2011లోనూ అంతే జరిగింది. ఎవరి చెయ్యి అని అందరూ వెతికారు. ఉద్యోగం అన్న మాట ఎవరికి వినపడింది?"

"చేతులు నిజంగా లేవా మరి?"

"ఉన్నాయి. చాలా ఉన్నాయి. వాటికి ఫోటోలు ఉండవు."

ట్యూనిస్‌లో మూడు రోజులు నేను అందర్నీ అడిగిన ప్రశ్నే కదా, ఇప్పుడు ఊరంతా నా గురించి అడుగుతోంది. నాలాగే, తెలుసుకోవాలన్న కుతూహలంతోనే అడిగినవాళ్లూ కొందరు ఉండి ఉంటారు. వాళ్ల ప్రశ్నకి నా దగ్గరున్న నిజమైన జవాబు ఏమిటో ఆలోచిస్తే, అది కూడా సూటిగా లేదు. నన్ను ఎవరూ పంపలేదు. కాని మా పొలాలకి ఆ రాయి కావాలి. ఆ రైలు కదలాలని కోరుకునే దేశంలోనే నేను అన్నం తింటాను. వలీద్‌కి ఉద్యోగం రావాలని కూడా నేనే కోరుకున్నాను. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఆ గుడారంలో ఎవరికి చెప్పను?

నేను ఊరు వదిలితే రాత్రిలోగా గుడారంలోవాళ్ల మనసు మారుతుందేమోనని ఆ మధ్యాహ్నమే ఎర్ర గీత వ్యాన్ ఎక్కాను. జోహ్రా ఒక డబ్బా ఎర్రకారం ముద్ద ఇచ్చింది. వ్యాన్ దాకా ఎవరూ రావద్దని నేనే చెప్పాను. కిటికీలోంచి వ్యాగన్లు కనిపిస్తున్నంతసేపూ కళ్లు మూసుకున్నాను.

తిరిగొచ్చాక

ఇంటికి వచ్చిన పన్నెండో రోజు సల్వా ఫోన్ చేసి అంతా చెప్పింది. సోమవారం మాటలకి గుడారం నుంచి ముగ్గురు కుర్రాళ్లు వెళ్లారు, పెద్దవాడికి ముప్ఫై ఒకటి. కొన్ని ఉద్యోగాలకి మాట తీసుకున్నారు. వయసు సంగతి చివర అడుగుదామనుకున్నారట, సమావేశం ముందే ముగిసింది. మంగళవారం గుడారం తీసేశారు, రైలు రేవుకి వెళ్లింది. ఎన్ని వ్యాగన్లతో వెళ్లిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ప్రభాకర్ ఇదంతా విని, "నేను అడగకపోతే నువ్వు పంపకపోదువు" అన్నాడు. "నేను చెప్పకపోతే వాళ్లు వండకపోదురు" అన్నాను. ఎవరి వాటా ఎంతో ఇద్దరం విడదీయలేకపోయాం.

పోయినవి రాస్తున్నాను.

నా ఫోన్లో నలభై మూడు ఫోటోలు, ఒక వీడియో. నేనే తుడిచేశాను.

జోహ్రాకి వీధిలో రెండు ఇళ్లతో రాకపోకలు.

సల్వాకి సాయంత్రం ఇంగ్లీషు క్లాసు. పద్నాలుగు మంది పిల్లల తల్లిదండ్రులు మాన్పించారు.

హాదీ గారికి కాఫీ హోటల్లో స్నేహితులతో కూర్చునే బల్ల. ఇంట్లోనే టీ తాగుతున్నారు. ఊరి తరఫున మాట్లాడమని ఇక ఎవరూ అడగరు.

వలీద్‌కి మార్చి 3, సోమవారంతో, మిగతా ఆరుగురికి వాళ్లవాళ్ల పుట్టినరోజుతో, గనిలో ఉద్యోగం అడిగే వయసు.